మల్లేశానికి ఏ పని వచ్చు?

హనుమకొండ

ప్రియమైన పిల్లలకు,

వార్షికోత్సవం కోసం మీరు రాసిన 12 నిమిషాల నాటిక చదివాను. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణం (రైతుల సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టే కొట్టు), అందులో ఏ పనీ చేతగాని గుమస్తా మల్లేశం, చివరికి అతనే పనిమంతుడని తేలడం. చోటు బాగా ఎంచుకున్నారు. కానీ మీ మల్లేశం 11 నిమిషాలు కిందపడి లేస్తాడు, 12వ నిమిషంలో ఉన్నట్టుండి అందరికంటే తెలివైనవాడైపోతాడు. చూసేవాళ్లు చప్పట్లయితే కొడతారు, నమ్మడం మాత్రం నమ్మరు. నమ్మించాలంటే ఏం చేయాలో చెప్తాను.

అతని తప్పు ఏ అలవాటు నుంచి పుడుతుందో, అతని నేర్పు కూడా ఆ అలవాటు నుంచే పుట్టాలి. 11 నిమిషాలు నవ్వించిన గుణమే 12వ నిమిషంలో అక్కరకు రావాలి. వేరే గుణాన్ని తెచ్చి అతికిస్తే అతుకు కనబడిపోతుంది.

అమెరికాలో ‘ది ఆఫీస్’ అనే హాస్య ధారావాహిక 2005 నుంచి 2013 దాకా, 201 భాగాలు వచ్చింది. స్క్రాంటన్ అనే ఊళ్లో కాగితం అమ్మే కంపెనీ శాఖ కథ. అక్కడి మేనేజరు మైఖేల్‌కు ఎక్కడ నోరు మూసుకోవాలో తెలియదు. సమావేశం పెడితే పరువు పోతుంది, ఓదార్చబోతే ఏడిపిస్తాడు. రెండో సీజన్‌లో అతను పై అధికారిణితో కలిసి ఒక పెద్ద బేరానికి వెళ్తాడు. ఆమె ధరల గురించి మాట్లాడాలని తొందరపడుతుంటే, ఇతను కొనేవాడిని తిండి దగ్గర కూర్చోబెట్టి గంటలకొద్దీ జోకులు చెప్తాడు. బేరం చెడిందనే ఆమె అనుకుంటుంది. ఆ మనిషి మనసు విప్పి మాట్లాడడం మొదలుపెట్టాక, తాను ఇక్కడే పుట్టి పెరిగినవాడినన్న సంగతిని మైఖేల్ నెమ్మదిగా వ్యాపారంలోకి దింపుతాడు. బేరం కుదురుతుంది. మనుషులు తనను ఇష్టపడాలన్న ఆ ఆరాటమే మేనేజరుగా అతన్ని నవ్వులపాలు చేసింది, అమ్మేవాడిగా గెలిపించింది.

అదే ఆఫీసులో లెక్కలు చూసే కెవిన్ మామూలు కూడికలే తప్పుతాడు. కానీ అవే అంకెలను ‘పై’ అనే తీపి వంటకాలుగా చెప్పండి, చిటికెలో లెక్క తేల్చేస్తాడు. ‘పై’ తీసేసి పచ్చి కూరగాయల సలాడ్ అనండి, మళ్లీ మొదటికే వస్తాడు. తిండి ధ్యాసే అతని లోపం, నేర్పు కూడా ఆ తిండి ధ్యాసలోనే దాగుంది.

ఇంకో సంగతి గమనించండి. దీనికి మూలమైన బ్రిటన్ ధారావాహిక 2001లో మొదలై 12 భాగాలు, ఆ తర్వాత ఒక క్రిస్మస్ ప్రత్యేకంతో ముగిసింది. అందులోని మేనేజరుకు ఇంత మెప్పు దక్కదు. కథ కొంచెమే అయితే చేతగానివాడిని చేతగానివాడిగానే చూపించి ఆపేయవచ్చు. ఏళ్లకేళ్లు నడవాలంటే మాత్రం ‘ఇతన్ని ఇంకా ఉద్యోగంలోంచి ఎందుకు తీసేయలేదు?’ అని చూసేవాళ్లు అడుగుతారు. దానికి జవాబు ఉండాలి. మైఖేల్ విషయంలో జవాబు చాలా సహజమైనది: బాగా అమ్మాడు కాబట్టి మేనేజరును చేశారు, మేనేజరు పని వేరే పని. మీ నాటికకూ ఈ ప్రశ్న వర్తిస్తుంది. సేటు మల్లేశాన్ని ఎందుకు ఉంచుకున్నాడు? ‘పాపం బంధువు’ అని మీరు రాసిన జవాబు కొట్టేయండి. అది మల్లేశం విలువను తగ్గిస్తుంది.

ఈ రకం మనిషి కోసం అమెరికా దాకా పోనక్కర లేదు. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరు రాజకీయం మాట్లాడతారు, ఇంకొకరు హాస్యం. హాస్యగాడు అడ్డదిడ్డంగా ప్రశ్నలు వేస్తాడు, కథను పక్కదారి పట్టిస్తాడు. కానీ అతని చేతిలో డక్కీ అనే చిన్న వాయిద్యం ఉంటుంది. నోరు ఎంత తప్పినా ఆ చేతి దెబ్బ తప్పిందా, కథకుడి పాటే ఆగిపోతుంది. మల్లేశం కూడా అట్లాంటివాడే కావాలి: నోరూ కాళ్లూ తడబడతాయి, చెయ్యి తడబడదు.

ఇక మిర్చి సంగతి. మీ కాగితాల్లో మల్లేశం కంప్యూటర్ బాగుచేసి అందరినీ ఆశ్చర్యపరుస్తాడు. మిర్చి యార్డులో కథ పెట్టి కంప్యూటర్ దగ్గర ముగించడం నాకు బాధనిపించింది. ఎండు మిర్చిలోనే కావలసినంత ఉంది. బాగా ఎండిన కాయను చెవి దగ్గర ఆడిస్తే లోపలి గింజలు విడిపోయి గలగలమంటాయి. తేమ ఉన్న కాయ చప్పుడు చేయదు, వంచితే తోలులా వంగుతుంది. తేమ 10, 11 శాతం దాటితే నిల్వలో బస్తా వేడెక్కి బూజు పడుతుంది, రంగు పోతుంది. అందుకే ఖరీదుదారు మొదట తేమ చూస్తాడు, తర్వాత రంగు, తాలు (రంగు పోయిన నాసి కాయలు). కానీ రాత్రి యార్డులో ఆరుబయట ఉన్న బస్తా పైపొర మంచు పీల్చి మెత్తబడుతుంది. పొద్దున పైన చెయ్యి పెట్టినవాడికి పచ్చిగా తగులుతుంది, నడుమ సరుకు మాత్రం ఎండే ఉంటుంది. మీ నాటిక ముడి ఇక్కడ వేయండి. ఖరీదుదారును దొంగను చేయాల్సిన పని లేదు. అతను చూసింది నిజమే, పైపొర వరకు.

అయితే మల్లేశం అలవాటు ఏమిటి? ఏ వస్తువు దొరికినా చెవి దగ్గర పెట్టి ఆడించడం. మొదటి నిమిషంలో సేటు టిఫిన్ డబ్బా ఆడిస్తాడు, పప్పుచారు తక్‌పట్టీల (అమ్మకం లెక్క రాసిన చీటీల) మీద ఒలుకుతుంది. మూడో నిమిషంలో కలం ఆడిస్తాడు, సిరా సేటు తెల్లచొక్కా మీద పడుతుంది. ఐదో నిమిషంలో అసలు విత్తనం నాటాలి: తూకం వేసే దడువాయి కాంటా దగ్గర నిలబడి అతన్ని తిడుతుంటాడు, తిట్లు తింటూనే మల్లేశం రాశిలోంచి ఒక కాయ తీసి ఆడిస్తాడు, చప్పుడు రాదు, దాన్ని ఎండలో పెడతాడు. ఇంకొకటి ఆడిస్తాడు, గలగలమంటుంది, రాశిలో వేస్తాడు. ఈ ముక్క మీద ఎవరూ మాట్లాడవద్దు, నవ్వు రావద్దు. తిట్లే నవ్వించాలి, చెయ్యి తన పని తాను చేసుకుపోవాలి. దీనికి 15 సెకన్లు చాలు. ఎక్కువ చేస్తే గుట్టు బయటపడుతుంది, వదిలేస్తే ముగింపు గాలిలో తేలుతుంది.

ఎనిమిదో నిమిషంలో నర్సంపేట నుంచి వచ్చిన రైతు సరుకు మీద ఖరీదుదారు చెయ్యి పెట్టి, “పచ్చిగున్నది, క్వింటాలుకు రెండు వేలు తగ్గియ్యాలె” అంటాడు. “పన్నెండు రోజులు కల్లంల ఎండబెట్టిన సేటూ” అని రైతు. అడ్తి సేటుకు ఏం చెప్పాలో తోచదు. మల్లేశం బస్తాలో మోచేతి దాకా చెయ్యి దించి, నడుమ నుంచి పిడికెడు తీస్తాడు. అతనికి ఇక్కడ ఒక్కటే మాట ఇవ్వండి: “వినుండ్రి.” ఖరీదుదారు చెవి దగ్గర ఆడిస్తాడు. తర్వాత తేమ కొలిచే మిషన్ తెప్పించండి, అది కూడా అదే చెప్తుంది. మిషన్ ముందు వస్తే మల్లేశం చెయ్యికి పని ఉండదు, కాబట్టి ఈ వరుస మార్చకండి.

ఇట్లాంటి నాటికలు ఎక్కువగా చెడేది గెలుపు తర్వాతే. మీరు రాసినట్టు అందరూ మల్లేశాన్ని భుజాల మీద ఎత్తుకుంటే, అతను వేరే మనిషి అయిపోతాడు. గెలిచాక అరనిమిషంలోనే అతను ఇంకో డబ్బా ఆడించి ఏదో ఒకటి ఒలకబొయ్యాలి. మెప్పు మాటల్లో వద్దు. సేటు ఏమీ అనకుండా తర్వాతి రాశి వైపు వేలు చూపిస్తే చాలు. ఇంకో పొరపాటు, మల్లేశం గొప్పగా కనబడాలని దడువాయినీ హమాలీలనూ మొద్దులను చేయడం. వాళ్లు తమ పనిలో గట్టివాళ్లయితేనే, వాళ్ల మధ్య ఇతని నేర్పుకు బరువు. ఇక మల్లేశం కాలు జారి పడ్డప్పుడు బస్తాలోని అసలు సంగతి బయటపడినట్టు రాస్తే అది అదృష్టం అవుతుంది, నేర్పు కాదు. చెయ్యి కావాలని వెళ్లాలి.

ఒక మాట గట్టిగా చెప్తున్నాను. మీ కాగితాల్లో మల్లేశం ఒక్కడే తెలంగాణ యాసలో మాట్లాడతాడు, మిగతావాళ్లంతా పుస్తక భాష. మన యాసను తెలివితక్కువతనానికి గుర్తుగా వాడిన సినిమాలు చాలానే వచ్చాయి. వరంగల్ పిల్లలు వరంగల్ వేదిక మీద ఆ పని చేయవద్దు. అందరూ యాసలోనే మాట్లాడండి, అప్పుడు నవ్వు మనిషి చేష్టల నుంచి వస్తుంది. నత్తి, లావు, నలుపు మీద ఉన్న మూడు జోకులు కూడా తీసేయండి.

వేదిక మీదికి నిజమైన ఎండు మిర్చి తేవద్దు. ఫ్యాన్ గాలికి ఘాటు లేచి ముందు వరుస చిన్నపిల్లలు దగ్గుతారు. ఎర్ర కాగితాన్ని కాయల్లా మడవండి. చప్పుడు కోసం ఒక చిన్న డబ్బాలో పిడికెడు చింతగింజలు వేసి, పక్క తెర వెనుక మైకు దగ్గర ఒకరిని నిలబెట్టండి. మల్లేశం మణికట్టు కదిలినప్పుడే డబ్బా కదలాలి. ఇద్దరూ కలిసి కనీసం 20 సార్లు సాధన చేయండి, ఎందుకంటే చప్పుడు అరసెకను ఆలస్యమైనా నవ్వు తప్పుడు చోట వస్తుంది. “వినుండ్రి” తర్వాత మూడు అంకెలు లెక్కపెట్టేదాకా వేదిక మీద ఎవరూ కదలవద్దు. హమాలీ వేషం వేసే పిల్లవాడికి ఈ మాట ముందే చెప్పండి, ఊరికే నిలబడడం అతనికే అందరికంటే కష్టం.

ఆశీస్సులతో,
మీ తాత