666: ఆ లెక్క ఎవరి పేరుది?

కరోనా వ్యాక్సిన్ వచ్చినప్పుడు మా చిన్నమ్మ నెల రోజులు సూది జోలికి పోలేదు. అది మృగం ముద్ర అని ఫోన్‌కి ఎవరో వీడియో పంపారు, బైబిల్ చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథం 13వ అధ్యాయం తెరిచి మరీ చూపించారు. చేతిమీదో నొసటిమీదో మృగం ముద్ర లేనివాళ్లు కొనలేరు, అమ్మలేరు, ఆ మృగం సంఖ్య 666 అని అక్కడ ఉంటుంది, ఇక ఆమెకి నిద్ర లేదు. అంతకుముందు ఆధార్ గురించీ ఇదే మాట విన్నాం. ఆమె భయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను, ఎందుకంటే అది ఆమె కల్పించుకున్నది కాదు, చాలా దూరం నుంచి నడిచొచ్చింది.

పత్మాసు ద్వీపంలో ఉన్న యోహాను ఆ గ్రంథాన్ని ఏడు సంఘాలకు రాశాడు. ఎఫెసు, స్ముర్న, పెర్గము, అన్నీ ఇప్పటి టర్కీ పడమటి వైపు ఊళ్లు. రోమా చక్రవర్తి దొమితియను పాలన చివర్లో, అంటే క్రీ.శ. 95 ప్రాంతంలో ఆ దర్శనం కలిగిందని రెండో శతాబ్దపు బిషప్ ఇరేనియస్ చెప్పాడు. ఆ సంఘాల్లో దానియేలు గ్రంథం ఎరిగినవాళ్లకి ఈ మృగం కొత్త కాదు. దానియేలు 7లో సింహం, ఎలుగుబంటి, చిరుతపులి, పది కొమ్ముల జంతువు ఒకదాని వెనక ఒకటి వస్తాయి, అవి రాజ్యాలని ఆ అధ్యాయమే చెబుతుంది. యోహాను ఆ నాలుగింటినీ ఒకే ఒంట్లో కలిపాడు. ఆ మృగానికున్న ఏడు తలలు ఏడు కొండలని 17వ అధ్యాయంలో తనే విప్పాడు. ఏడు కొండల నగరం అంటే రోము అని అప్పట్లో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

ఇక సంఖ్య. గ్రీకులోనూ హీబ్రూలోనూ అక్షరాలే అంకెలు. మనకి అక్షరాలకి అంకెలిచ్చే కటపయాది లెక్క ఉంది కదా, మాయామాళవగౌళ రాగం పేరులో మా అంటే 5, యా అంటే 1, తిరగేస్తే 15వ మేళకర్త, ఇంచుమించు ఆ పద్ధతే. కాకపోతే వాళ్లు అక్షరాల విలువలన్నీ కూడేవాళ్లు. 79లో అగ్నిపర్వతం బద్దలై బూడిదలో పూడిపోయిన పాంపేలో ఒక గోడ మీద ‘ఎవరి సంఖ్య 545 అవుతుందో ఆమెను ప్రేమిస్తున్నాను’ అని ఎవరో గీశారు. పేరు దాచి లెక్క చెప్పడం వీధిలో కుర్రాళ్లకి కూడా తెలిసిన పని అన్నమాట. మన బైబిల్లో ‘అది యొక మనుష్యుని సంఖ్యయే’ అని ఉన్నదాన్ని ఇది మనసులో పెట్టుకుని చదవాలి. రోమా చక్రవర్తి నీరోని గ్రీకులో పిలిచే ‘నెరోన్ కైసర్’ని హీబ్రూలో రాస్తే 50, 200, 6, 50, తర్వాత 100, 60, 200. కూడితే 666. లాటిన్‌లో పలికినట్టు ‘నీరో’ అని చివరి నకారం తీసేస్తే 616, కొన్ని పాత ప్రతుల్లో సరిగ్గా ఆ అంకే ఉంది! నాకు ఇది కాకతాళీయం అనిపించదు. అయితే 180 ప్రాంతంలో ఈ సంఖ్యకి కొన్ని పేర్లు లెక్కకట్టి చూసిన ఇరేనియస్ నీరో పేరు ఎత్తలేదు, ఈ లెక్క ఒప్పుకోని పండితులూ ఉన్నారు. ఊహించడం కంటే నెరవేరేదాకా ఆగడమే క్షేమం అని ఇరేనియస్ అప్పుడే అన్నాడు.

ఎవరూ ఆగలేదు. 1522 సెప్టెంబరులో పోపుని ఎదిరించిన లూథర్ జర్మన్ కొత్త నిబంధన అచ్చయినప్పుడు, చిత్రకారుడు క్రానాక్ బొమ్మల్లో మృగం మీద కూర్చున్న బబులోను వేశ్య తల మీద పోపు మూడంతస్తుల కిరీటం ఉంది. గొడవ కావడంతో డిసెంబరు ముద్రణకి ఆ చెక్క అచ్చులో పై అంతస్తులు చెక్కేసి మామూలు కిరీటం మిగిల్చారు. మృగం ఎవరన్నది ఉలి తిప్పినంత తేలిగ్గా మారిపోయింది. అమెరికాలో విలియం మిల్లర్ అనుచరులు దానియేలు 2300 దినాల్ని సంవత్సరాలుగా లెక్కేసి 1844 అక్టోబరు 22న ప్రభువు రాకకోసం ఎదురుచూశారు. తెల్లారింది, అంతే.

మన దాకా వచ్చిన దారి వేరు. ఐర్లండ్ చర్చిలో పాదిరీగా ఉండి బయటికొచ్చిన జాన్ నెల్సన్ డార్బీ, ఈ దర్శనాల్లో ఎక్కువ భాగం ఇంకా జరగాల్సినవే, సంఘం, అంటే విశ్వాసులు, ముందు పరలోకానికి ఎత్తబడుతుంది, లోకానికి శ్రమలు ఆ తర్వాత అని బోధించాడు. ఆయన ముందుండి నడిపిన బ్రదరన్ ఉద్యమం నుంచే విలియం బౌడెన్, జార్జ్ బీర్ 1836లో తెలుగు నేలకి వచ్చి నరసాపురం చుట్టుపక్కల పనిచేశారు. ఎత్తబడుట, ఏడేండ్ల శ్రమలు అని ఈ రోజు కూటాల్లో వినే మాటల వెనక ఆ ఆలోచనే ఉంది. అన్నీ మున్ముందు జరగాల్సినవే అనుకున్నాక కొత్తగా వచ్చిన ప్రతి వస్తువు మీదా అనుమానమే. 1974లో ఒహాయోలో ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్ మీద బార్‌కోడ్ మొదటిసారి స్కాన్ అయింది, కొన్నేళ్లకి దాని పొడుగు గీతల్లో మూడు ఆరులు కనిపించాయన్నారు. తర్వాత చిప్, ఆ తర్వాత సూది.

చేతిమీద, నొసటిమీద ముద్ర అన్న మాట కూడా పాతదే. ద్వితీయోపదేశకాండం 6లో దేవుని మాటల్ని చేతికి కట్టుకోమని, అవి కన్నుల నడుమ ‘బాసికమువలె’ ఉండాలని చెప్పారు. పెళ్లిలో నొసటికి కట్టే బాసికమే, మన అనువాదకులు ఎంత చక్కటి మాట ఎంచుకున్నారో. చెయ్యి, నుదురు ఎవరివైతే మనిషి వాళ్లవాడు. ఆ వచనం చిన్నమ్మకి చదివి, వెంటనే ప్రకటన 14 మొదటి వచనం తీశాను. అక్కడ గొఱ్ఱెపిల్లతో, అంటే క్రీస్తుతో, ఉన్నవాళ్ల నొసళ్ల మీద ఆయన నామం, తండ్రి నామం రాసి ఉన్నాయి. ముద్ర గురించి చెప్పిన అధ్యాయం అయిపోగానే వచ్చే మొదటి వాక్యం అది. దాన్ని ఎవరూ చిప్ అనరు.

చిన్నమ్మ కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు పైకి చదివింది. ‘‘ఇంకొక్క వాక్యం చదివితే సరిపోయేది కదరా, ఆ వీడియోలో ఇక్కడికి ముందే ఎందుకు ఆపేశారు?’’ అంది.