రాత్రి రెండున్నరకు సర్వర్‌లో ఏం జరుగుతుంది?

పిల్లలూ,

సర్వర్లో బ్యాకప్ తీయడం, పాత లాగ్ ఫైళ్లు చెరిపేయడం, పొద్దున్నకల్లా రిపోర్టు సిద్ధం చేయడం... ఇవన్నీ ఎవరో అర్ధరాత్రి మేలుకుని చేస్తారనుకునేరు. ఆ పనికి క్రాన్ అనే చిన్న ప్రోగ్రాం ఉంది. 1979లో వచ్చిన యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఏడో వెర్షన్‌లోనే అది ఉంది. తర్వాత 1987లో పాల్ విక్సీ అనే ఆయన తిరగరాశాడు. ఇప్పటికీ చాలా లినక్స్ సర్వర్లలో నడిచేవి దాని వారసులే.

క్రాన్ నిమిషానికోసారి లేచి తన పట్టిక చూసుకుంటుంది. ఈ నిమిషానికి ఏదైనా పని రాసి ఉంటే మొదలుపెట్టించి మళ్లీ పడుకుంటుంది. అంతే! బడిలో గంట కొట్టే మనిషి ఉంటాడు చూడండి, అలాంటిదన్నమాట. టైముకి గంట కొడతాడు, క్లాసులో పాఠం జరిగిందో లేదో ఆయనకి అనవసరం. క్రాన్‌తో మనం పడే తిప్పల్లో చాలా భాగం ఇక్కడే పుడతాయి.

ఆ పట్టికని క్రాన్‌ట్యాబ్ అంటారు. ఒక్కో లైనులో ముందు 5 గడులు వరసగా ఉంటాయి: నిమిషం, గంట, తేదీ, నెల, వారం (అంటే వారంలో ఏ రోజో). ఆ తర్వాత కమాండ్. 30 2 * * * అని రాస్తే రోజూ రాత్రి 2:30కి అని అర్థం. నక్షత్రం గుర్తు ఉన్నచోట ఏదైనా ఫరవాలేదన్నమాట. కొత్తవాళ్లు రెండింటికి ఒకసారి నడవాలనుకుని * 2 * * * అని రాసేస్తారు. నిమిషం గడిలో నక్షత్రం పెట్టారు కదా, 2:00 నుంచి 2:59 దాకా నిమిషానికోసారి, మొత్తం 60 సార్లు నడుస్తుంది. అది బ్యాకప్ అయితే తెల్లారేసరికి డిస్క్ నిండిపోవచ్చు.

ఇంకో తమాషా చూడండి. నిమిషం గడిలో */7 అని రాస్తే ప్రతి 7 నిమిషాలకీ నడుస్తుందనుకుంటాం. 0, 7, 14 అంటూ 56 దాకా బాగానే వెళ్తుంది. తర్వాత 63 అనే నిమిషం లేదు కాబట్టి మళ్లీ 0 దగ్గరికి వస్తుంది, అంటే నాలుగు నిమిషాలకే. పోయినసారి ఎప్పుడు నడిపానన్న లెక్క క్రాన్‌కి ఉండదు, ఇప్పుడు టైమెంతో అదే చూస్తుంది.

ఇక 0 0 13 * 5 సంగతి. చివరి గడిలో 5 అంటే శుక్రవారం. 13వ తేదీ శుక్రవారం పడితేనే నడవాలని రాశారనుకోండి. కానీ తేదీ, వారం రెండూ నింపితే క్రాన్ ఏ ఒక్కటి కుదిరినా చాలనుకుంటుంది. ప్రతి 13కీ నడుస్తుంది, ప్రతి శుక్రవారమూ నడుస్తుంది. మిగతా గడులన్నీ కలిసి కుదరాలట, ఈ రెండింటికి మాత్రం వేరే న్యాయమట! నాకైతే ఈ నియమం ఎప్పుడూ నచ్చలేదు. అలాంటి పనికి తేదీ మాత్రం పట్టికలో రాసి, ఇవాళ శుక్రవారమా కాదా అన్నది స్క్రిప్టులోనే (కమాండ్లు వరసగా రాసిన ఫైలులోనే) చూసుకోండి.

"నేను నడిపితే నడుస్తోంది, క్రాన్‌లో పెడితే నడవట్లేదు" అని మీరూ ఏదో ఒకరోజు అంటారు. మీరు లాగిన్ అయినప్పుడు తయారయ్యే సెట్టింగులు క్రాన్‌కి రావు. ప్రోగ్రాముల కోసం అది వెతికే ఫోల్డర్లు కూడా చాలా తక్కువ. అందుకే ప్రోగ్రాం పేరుకి ముందు పూర్తి దారి రాయాలి. కమాండ్‌లో శాతం గుర్తు ఉంటే దానికి ముందు వెనక్కి వాలిన గీత (\) పెట్టండి, లేకపోతే క్రాన్ లైను అక్కడితో తెంచేస్తుంది.

5 నిమిషాలకోసారి నడిచే పనికి ఒకరోజు డేటా పెరిగి 8 నిమిషాలు పట్టిందనుకోండి. మొదటిది ముగియకముందే రెండోది మొదలవుతుంది. రెండూ ఒకే డిస్క్ మీద పడితే ఇంకా నెమ్మదిస్తాయి, ఈలోగా మూడోది తయారు. అలా పేరుకుపోయి సర్వరే మొరాయిస్తుంది. దీనికి ఎఫ్‌లాక్ అనే కమాండ్ ఉంది. దానికి "ఎన్" (-n) తగిలిస్తే, ఒకటి నడుస్తుండగా రెండోది వచ్చినప్పుడు ఆపి పంపించేస్తుంది; తగిలించకపోతే రెండోదాన్ని వెయిట్ చేయిస్తుంది. తరచుగా నడిచే ప్రతి పనికీ ఇది పెట్టడం నాకు అలవాటు.

2:30కి మిషన్ ఆగిపోయి ఉంటే? మామూలు క్రాన్ ఆ పనిని వదిలేస్తుంది, మిషన్ లేచాక కూడా నడపదు. తప్పిన పని తర్వాతైనా జరగాలంటే అనాక్రాన్ గానీ, Persistent=true అనే సెట్టింగు పెట్టిన సిస్టమ్‌డీ టైమర్లు గానీ వాడాలి. గడియారాన్ని ఏటా ముందుకీ వెనక్కీ తిప్పే దేశాల్లో సర్వర్ ఉంటే దాన్ని యూటీసీలో (ఏడాదంతా మారని ప్రపంచ ప్రామాణిక టైములో) పెట్టండి. అక్కడ గడియారం ముందుకు జరిపే రోజున 2:30 అనే టైమే ఉండకపోవచ్చు.

పని ఫెయిలైతే వచ్చిన మెసేజ్‌ని క్రాన్ మెయిల్ చేయబోతుంది. చాలా సర్వర్లలో మెయిల్ సెట్ చేసి ఉండదు, ఆ మెసేజ్ ఎవరి కంటా పడదు. అందుకని బ్యాకప్ స్క్రిప్టు చివర, పని సవ్యంగా ముగిస్తేనే ఒక చిన్న ఫైలులో ఆనాటి టైము రాయించండి. ఆ టైము ఒకరోజు కంటే పాతబడితే ఇంకో మిషన్ మీకు కబురు పెట్టాలి. అదే మిషన్‌లో పెడితే అది పడిపోయినప్పుడు చెప్పేవాళ్లుండరు.

చివరగా ఒక్కటి. క్రాన్‌ట్యాబ్ కమాండ్‌కి "ఈ" (-e) అనే ఇంగ్లీషు అక్షరం తగిలిస్తే పట్టిక మార్చుకోవడానికి తెరుచుకుంటుంది. "ఆర్" (-r) తగిలిస్తే మొత్తం పట్టికే చెరిపేస్తుంది, చాలాచోట్ల మాట వరసకైనా అడగదు. కీబోర్డు మీద ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ముట్టుకునే ముందు "ఎల్" (-l) తగిలించి, వచ్చిన లైన్లన్నీ ఒక ఫైలులో దాచుకోండి.

మీ పెద్దనాన్న