చియా గింజలు మంచివే, కానీ నానబెట్టి తినండి

ఈమధ్య మా విజయనగరంలో ఏ కిరాణా కొట్టుకెళ్ళినా చియా ప్యాకెట్లు కనబడుతున్నాయి, పొద్దున్నే వాకింగ్‌కొచ్చేవాళ్ళ బాటిళ్ళలో కూడా అవే తేలుతున్నాయి. చాలామంది వీటిని సబ్జా గింజలే అనుకుంటున్నారు, కాదండీ. రెండూ తులసి కుటుంబమే గానీ మొక్కలు వేరు, చియా పుట్టిల్లు మెక్సికో, గ్వాటెమాలా వైపు, అక్కడి అజ్‌టెక్‌లనే పాతకాలపు జాతివాళ్ళు పండించుకుని తిన్న గింజ. డౌటుంటే అరచేతిలో పోసుకుని చూడండి, సబ్జా అంతా ఒకటే నలుపు, చియాలో నలుపు, తెలుపు, బూడిద రంగు కలగలిసి గింజల మీద సన్నటి మచ్చలుంటాయి. నీళ్ళలో వేస్తే సబ్జా ఇట్టే ఉబ్బిపోతుంది, చియా మాత్రం నిదానం, అరగంటైనా ఆగాలి.

అసలు సంగతంతా ఆ ఉబ్బడంలోనే ఉంది. గింజ పైపొరలోని ఒకరకం పీచు తడి తగలగానే బయటికొచ్చి జిగురులా చుట్టుకుంటుంది, అలా తన బరువుకి పది రెట్ల దాకా నీళ్ళు పట్టేస్తుంది. అందుకే పొడి గింజలు నోట్లో వేసుకుని నీళ్ళు తాగకండి. అమెరికాలో ఒకాయన అలాగే చేస్తే అవి అన్నవాహికలోనే ఉబ్బి అడ్డం పడిపోయాయి, డాక్టర్లు గొట్టం వేసి ఆ అడ్డం తొలగించాల్సొచ్చింది, 2014లో ఆ కేసు గురించి వైద్యుల సదస్సులో చెప్పారు కూడా.

రెండు పెద్ద స్పూన్లు, అంటే ఓ 28 గ్రాముల్లో, దాదాపు 10 గ్రాముల పీచు, నాలుగున్నర గ్రాముల పైన ప్రోటీన్, 180 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. పీచు విషయంలో దీనికి తిరుగులేదు, మలబద్ధకం ఉన్నోళ్ళకి బాగా పనికొస్తుంది, నీళ్ళు మాత్రం బాగా తాగాలి. కాల్షియం దగ్గరే కొంచెం ఆలోచించాలి. వంద గ్రాముల లెక్క చూపించి చోళ్ళ (రాగుల) కంటే చియాలోనే ఎక్కువ అంటారు, నిజమే, కానీ రోజూ వంద గ్రాముల చియా ఎవరు తింటారు చెప్పండి? 50 గ్రాముల చోడి పిండితో అంబలి కాస్తే అదే 180 వచ్చేస్తుంది, పైగా చవక.

ఒమేగా-3 అనే మంచి కొవ్వు సంగతి కూడా అంతే. చియాలో బోలెడుంది, ఆ 28 గ్రాముల్లోనే 5 గ్రాములు, కాకపోతే అది మొక్కల రకం, చేపల్లో ఉండే రకంగా మన ఒంట్లో మారేది చాలా తక్కువ. కళింగపట్నం, భావనపాడు వైపు కానాగంతలు తినేవాళ్ళకి ఆ రకం నేరుగానే అందుతోంది కాబట్టి వాళ్ళు చియా కోసం డబ్బులు పొయ్యక్కర్లేదని నా అభిప్రాయం. చేప ముట్టనివాళ్ళకి మాత్రం చియా గానీ అవిసెలు గానీ మంచివే, అవిసెల్ని పొడి కొట్టాలి, చియాకి ఆ బాధ లేదు.

బరువు తగ్గుతామని తాగేవాళ్ళు ఎక్కువ ఆశ పెట్టుకోకండి, ఆ 28 గ్రాముల్లోనే దాదాపు 140 క్యాలరీలున్నాయి మరి. కొత్తగా మొదలెట్టేవాళ్ళు ఒక చిన్న స్పూన్‌తో మొదలెట్టండి, లేకపోతే కడుపుబ్బరం ఖాయం. షుగర్, బీపీ, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు ముందు డాక్టర్‌ని అడగండి. దీనికంటూ పెద్ద రుచేం లేదు కాబట్టి నానాక మజ్జిగలో, నిమ్మరసంలో, చల్లారిన చోడి అంబలిలో, దేంట్లో కలిపినా కలిసిపోతుంది, రాత్రి పాలల్లో వేసి ఫ్రిజ్‌లో పెడితే పొద్దున్నకి గట్టిపడుతుంది, అరటిపండు ముక్కలేసిస్తే పిల్లలు కూడా తింటారు.