ఇంట్లో సరిగ్గా ఉన్న ఫైలు షాపులో ఎందుకు మారుతుంది? వర్డ్ సేవింగ్, ప్రింటింగ్‌పై అపోహలు - వాస్తవాలు

డీటీపీ పనిలో ఉన్నవాళ్లం రోజూ వినే మాట ఒకటుంది: "మా ఇంట్లో బాగానే ఉందండీ, మీ దగ్గరకొచ్చాకే మారిపోయింది." ఆ మాట అబద్ధం కాదు. ఇంట్లో నిజంగానే బాగుంటుంది. వర్డ్ ఫైలులో పేజీ తాలూకు బొమ్మేమీ ఉండదు. ఏ అక్షరాలు, ఏ ఫాంటు, ఎంత సైజు, ఏ కాగితం అన్న వివరాలే ఉంటాయి. వాటిని చదువుకుని పేజీని మళ్లీ మొదటి నుంచి పేర్చేది ఆ ఫైలును తెరిచిన కంప్యూటరే. ఇది తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

అపోహ: ఫైలు సేవ్ చేస్తే ఫాంటు కూడా దాంతోపాటే వస్తుంది.

రాదు. ఫైలులో మామూలుగా ఉండేది ఫాంటు పేరు మాత్రమే. తెలుగులో టైప్ చేసేవాళ్లకు ఎక్కువ ఇబ్బంది వచ్చేది ఇక్కడే.

అను ఫాంట్లలాంటి పాత పద్ధతిలో కంప్యూటర్ దాచుకునేది తెలుగు అక్షరాలను కాదు, ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ ఉండే కోడ్‌లను. వాటికి తెలుగు రూపం ఇచ్చేది ఫాంటు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పెళ్లి శుభలేఖ కూడా అర్థంలేని గుర్తుల వరసలా కనిపిస్తుంది. ఫైలు పాడైందని కంగారుపడి మళ్లీ టైప్ చేయించకండి. అదే ఫాంటు వేస్తే మేటర్ అంతా తిరిగి వస్తుంది, లేదా కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి (ప్రతి భాష అక్షరానికీ సొంత కోడ్ ఉండే పద్ధతి) మార్చుకోవచ్చు.

యూనికోడ్‌లో టైప్ చేస్తే అక్షరం తెలుగు అక్షరంగానే ఉంటుంది కాబట్టి చదవడానికి ఇబ్బంది లేదు. కానీ పేజీ కుదురు మారవచ్చు. మీరు మండలి, రామభద్ర వంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్ నుంచి దించుకుని వాడి ఉంటారు. అవి షాపులో లేకపోతే వర్డ్ నిర్మల లాంటి మరో ఫాంటును పెడుతుంది. విండోస్ ఎక్స్‌పీ రోజుల నుంచి అలవాటైన గౌతమి కూడా, తెలుగు భాషను చేర్చుకోని విండోస్ 10 కంప్యూటర్‌లో ఉండకపోవచ్చు. ఒక్కో ఫాంటులో అక్షరం వెడల్పు, ఒత్తులకు కావలసిన ఎత్తు వేరు. అందుకే నాలుగు పేజీల అర్జీ ఐదో పేజీలోకి జారి, సంతకం ఒక్కటే చివరి కాగితం మీద మిగులుతుంది.

దీనికి వర్డ్‌లోనే మార్గం ఉంది. ఫైల్‌లో ఆప్షన్స్‌కు వెళ్లి, సేవ్ విభాగంలో "ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ది ఫైల్" దగ్గర టిక్ పెట్టండి. లైసెన్స్ అనుమతించే ఫాంట్లు ఫైలులోకే చేరతాయి. ఇంకో మాట: లైన్ స్పేసింగ్‌ను "ఎగ్జాక్ట్‌లీ" అని పెట్టి అంకె తక్కువ ఇస్తే కింది ఒత్తులు, పై గుడులు తెగిపోతాయి. అది ప్రింటర్ తప్పు కాదు. "మల్టిపుల్"‌కు మార్చి చూడండి.

అపోహ: పీడీఎఫ్ చేస్తే ఇక ఏ సమస్యా రాదు.

చాలావరకు నిజమే. ప్రింటుకు పీడీఎఫ్ తెమ్మనే నేనూ చెబుతాను. అందులో పేజీ అమరిక స్థిరంగా ఉంటుంది, వాడిన ఫాంటు సాధారణంగా దాంతోనే వెళ్తుంది. అయితే ఫైలు పేరు చివర డాట్ పీడీఎఫ్ అని రాసినంత మాత్రాన అది పీడీఎఫ్ అయిపోదు. "సేవ్ యాజ్"‌లో ఆ రకాన్ని ఎంచుకోవాలి. వర్డ్ ఫైలును కూడా దాచుకోండి. పీడీఎఫ్ నుంచి తెలుగును కాపీ చేస్తే ఒత్తులు, గుణింతాలు చెల్లాచెదురు కావడం మామూలే.

పీడీఎఫ్ సరిచేయలేనిది కాగితం సైజు. ఎ4 అంటే 210 × 297 మిల్లీమీటర్లు. అమెరికాలో వాడే లెటర్ సైజు 216 × 279. అక్కడి పిల్లలు పంపే ఫైళ్లు ఎక్కువగా లెటర్‌లోనే ఉంటాయి. వాటిని ఎ4 మీద తీసేటప్పుడు "ఫిట్" పెడితే పేజీ కొంచెం కుంచించుకుపోతుంది. ఉత్తరానికి పరవాలేదు. పాస్‌పోర్ట్ ఫొటోలు, ఐడీ కార్డులు, కొలత ప్రకారం ఉండాల్సిన ఫారాలు మాత్రం "యాక్చువల్ సైజ్"‌లోనే తీయాలి. కోర్టు కాగితాలంటే లీగల్ సైజేనని ఇంకా చాలామంది అనుకుంటారు. సుప్రీంకోర్టు 2020లోనే ఎ4కు, రెండు వైపులా ప్రింటుకు మారింది. కింది కోర్టుల్లో ఏది నడుస్తుందో మీ వకీలును అడిగాకే టైపింగ్ మొదలుపెట్టించండి. తర్వాత సైజు మారిస్తే పేజీ నంబర్లు, ఇండెక్స్ అన్నీ మళ్లీ సరిచూసుకోవాలి.

అపోహ: ఆటోసేవ్ ఉంది, మనం సేవ్ చేయనక్కర్లేదు.

వర్డ్‌లో పైన కనిపించే ఆటోసేవ్ స్విచ్ మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వలైన వన్‌డ్రైవ్, షేర్‌పాయింట్‌లో ఉన్న ఫైళ్లకే పనిచేస్తుంది. డెస్క్‌టాప్ మీదో పెన్‌డ్రైవ్‌లోనో ఉన్న ఫైలుకు దక్కేది ఆటోరికవర్. అది మామూలుగా 10 నిమిషాలకోసారి తీసే అత్యవసర కాపీ. కరెంటు పోతే ఆదుకోవచ్చు, ఆదుకోకపోవచ్చు. కంట్రోల్ ఎస్ అలవాటును వదలకండి.

ఆటోసేవ్ ఆన్‌లో ఉన్నప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. పోయినేడాది అర్జీని తెరిచి పేరు, తేదీ మార్చడం మొదలుపెట్టగానే పాతదాని మీదే కొత్తది పడిపోతుంది. ముందే "సేవ్ ఎ కాపీ" కొట్టి పేరు మార్చండి. అప్పటికే పడిపోయి ఉంటే వెర్షన్ హిస్టరీలో పాతది దొరుకుతుంది.

అపోహ: తెర మీద కనిపించనిది ఫైలులో లేనట్టే.

ట్రాక్ చేంజెస్ (ఎక్కడ ఏం మార్చారో గుర్తుపెట్టే సదుపాయం) ఆన్‌లో పెట్టి చేసిన దిద్దుబాట్లను దాచి చూస్తుంటే పేజీ శుభ్రంగా కనిపిస్తుంది. కానీ కొట్టేసిన వాక్యాలు ఫైలులోనే ఉంటాయి. అవతలివాళ్లు తెరిచినప్పుడు అన్నీ బయటపడవచ్చు. పంపే ముందు "యాక్సెప్ట్ ఆల్" కొట్టి, కామెంట్లు తీసేయండి.

ఆధార్ నంబరు మీద నల్ల పెట్టె గీయడం కూడా ఇలాంటిదే. ప్రింటులో కనిపించకపోవచ్చు. సాఫ్ట్ కాపీలో ఆ పెట్టెను పక్కకు జరిపితే అంకెలు కనిపిస్తాయి. నంబరును చెరిపేయాలి, లేదా చివరి నాలుగు అంకెలే చూపే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వాలి.

ప్రింటు చేతికొచ్చాక మీ ఫైలు షాపు కంప్యూటర్‌లోని డౌన్‌లోడ్స్‌లో అలాగే ఉంటుంది. డిలీట్ చేయమని, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయమని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు. అక్కడ మీ వాట్సాప్ తెరిచి ఉంటే ఫోన్‌లోని లింక్డ్ డివైజెస్‌లోకి వెళ్లి లాగౌట్ చేశాకే బయటికి రండి.