ఇంట్లోంచి సైడ్ వర్క్: అపోహలు, వాస్తవాలు, కాస్త కోపం

తిరుపతి కొర్లగుంటలో మా ఇంటి ముందు గదే నా ఆఫీసు. డీటీపీ పని, అంటే కంప్యూటర్‌లో టైప్ చేసి పేజీలు అమర్చడం. యూనివర్సిటీ పిల్లల థీసిస్‌లు, పెళ్లి పత్రికలు, అను అనే పాత తెలుగు ఫాంట్లలో ఇరుక్కుపోయిన పుస్తకాలను, ఏ ఫోన్లోనైనా కనిపించే యూనికోడ్ అక్షరాల్లోకి మార్చడం. పని తగ్గిన నెలల్లో వీడియోలకు తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తాను, ఆడియో విని టైప్ చేస్తాను. చుట్టుపక్కల వాళ్లకు ఉద్యమ్ (చిన్న వ్యాపారాల రిజిస్ట్రేషన్), ఫుడ్ రిజిస్ట్రేషన్, ట్యాక్స్ రిటర్న్ లాంటివి కూడా చేసిపెడతాను. అందుకని ఇంట్లో మిషన్ కుట్టేవాళ్లు, మగ్గం వర్క్ చేసేవాళ్లు, పొడులు అమ్మేవాళ్లు, ట్యూషన్ చెప్పేవాళ్లు అందరూ ఏదో ఒక కాగితం పట్టుకుని వస్తుంటారు. పనయ్యాక చెప్పులేసుకుంటూ అడుగుతారు: "అక్కా, ఖాళీగా ఉన్నప్పుడు చేసుకునేదానికి ఇంకేమన్నా పనుంటే చెప్పు."

అడగడంలో తప్పేం లేదు. ఆషాఢం వస్తే జాకెట్లు కుట్టించుకునేవాళ్లు తగ్గిపోతారు, మూఢం వస్తే నా పత్రికలు ఆగిపోతాయి. ఇంటద్దె మాత్రం ఆగదు. నాకు ఒళ్లు మండేది ఆ వెంటనే వచ్చే మాటకు: "రిజిస్ట్రేషన్ ఫీజు ఎంతైనా కట్టేస్తాలే అక్కా."

అపోహ: "డిపాజిట్ కట్టకుండా పని ఎవరిస్తారు?"

వాస్తవం: పని ఇచ్చేవాడు డబ్బు ఇస్తాడు. అడగడు. రిజిస్ట్రేషన్ అని, ట్రైనింగ్ అని, ఐడీ కార్డు అని, తిరిగిచ్చే సెక్యూరిటీ అని ఏ పేరు పెట్టినా సరే. చేసిన పనికి మీకు రావాల్సిన డబ్బు విడుదల చేయడానికి ముందు 'జీఎస్టీ' కట్టమన్నా అంతే.

ఇంత చిన్న సంగతి డిగ్రీలు చదివినవాళ్లకు కూడా ఎందుకు ఎక్కదని విసుగొచ్చేది. కానీ ఆలోచిస్తే, డిపాజిట్లు కట్టడం మనకు అలవాటైపోయిన పని. ఇంటికి అడ్వాన్సు, గ్యాస్‌కు డిపాజిట్, కాలేజీకి కాషన్ డిపాజిట్. డబ్బు కట్టించుకున్నవాడే గట్టి పార్టీ అనిపిస్తుంది. ఊరికే పని ఇస్తానంటేనే అనుమానం! మోసగాళ్లకు ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు.

మన ఊళ్లో ఈ మోసానికి బాగా కుదిరే వేషం వత్తుల మిషన్. తిరుపతి కదా, వత్తులకు, కర్పూరానికి, అగరబత్తీలకు గిరాకీ ఎప్పుడూ ఉంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. యూట్యూబ్‌లో ఒకావిడ ఇంట్లో కూర్చుని మిషన్ మీద టకటకా వత్తులు తీస్తూ నెలకింత మిగులుతోందని చెబుతుంది. కింద ఫోన్ నంబరు. మిషన్ మేమే ఇస్తాం, దూది మేమే ఇస్తాం, చేసిన సరుకు మేమే కొంటాం అంటారు. స్టాంపు పేపరు మీద బై బ్యాక్ అగ్రిమెంటు కూడా రాసిస్తారు. మొదటి మూట కొంటారు, డబ్బులూ వేస్తారు. రెండో మూటకు పొడవు సమంగా లేదు, తేమ ఎక్కువుంది అని వంకలు. మూడో మూటకు ఫోనెత్తరు. వాళ్లు వత్తులు కొనే వ్యాపారులైతే కదా ఎత్తేది! వాళ్లది మిషన్లు అమ్మే వ్యాపారం, అది మొదటి రోజే అయిపోయింది.

ఇది ముందే తేల్చుకోవచ్చు. గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న పూజా సామాన్ల అంగళ్లలో నాలుగింటికి వెళ్లి, వత్తులు కిలో ఎంతకు కొంటారని అడగండి. కంపెనీవాడు ఇస్తానన్న రేటు అంతకన్నా ఎక్కువుందా? బజార్లో తక్కువకు దొరికే సరుకును మీ దగ్గర ఎక్కువ పెట్టి ఎందుకు కొంటాడో అడగండి. తక్కువుందా? అయితే అంగడివాళ్లకే వేసుకోండి, మధ్యలో వాడెందుకు? మిషన్ కొనొద్దని నేననను. అంగళ్లతో ముందు మాట్లాడుకుని, ఆర్డరు చేతిలో పెట్టుకుని, రిపేరు వస్తే చూసేవాడు దగ్గర్లో ఉన్నచోట మిషన్ కొని బాగానే నడుపుకుంటున్నవాళ్లు నాకు తెలుసు.

రెండో వేషం డేటా ఎంట్రీ. నేను టైపింగ్ చేస్తానని దీని గురించి అందరూ నా దగ్గరికే వస్తారు. తిరుచానూరు నుంచి మగ్గం వర్క్ చేసే ఒకమ్మాయి చంకలో బిడ్డతో వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. ఫోన్ నా చేతిలో పెట్టింది. వాట్సాప్‌లో నోటీసు. పైన మూడు సింహాలు, కాస్త ఎడమకు ఒరిగి. 'లీగల్ నోటీస్' అని ఎర్రటి అక్షరాలు. కేసు నంబరు ఉండాల్సిన చోట ఆ అమ్మాయి ఆధార్ నంబరు. ఆ రోజు సాయంత్రం ఐదింటిలోగా కట్టకపోతే అరెస్టు వారెంటట. చివర లాయరు సంతకం, దాని కింద క్యూఆర్ కోడ్.

"పోలీసోళ్లు ఇంటికొస్తారాక్కా? మా ఆయనకింకా తెలీదు."

"రారు. ముందు కూర్చో. ఫోన్‌పేలో డబ్బు వేస్తే వారెంటు ఆపే కోర్టు ఎక్కడుందమ్మా?"

జరిగిందేమిటంటే, మొదట కొంచెం ఫీజు కట్టించుకుని ఆన్‌లైన్‌లో అగ్రిమెంటు మీద సంతకం పెట్టించారు. తర్వాత మసక మసకగా ఉన్న పేజీల బొమ్మలు పంపారు. వాటిని చూసి వారంలో కొన్ని వందల పేజీలు తప్పుల్లేకుండా కొట్టాలి. నేను రోజంతా కీబోర్డు ముందు ఉండే మనిషిని, ఆ పేజీలో సున్నా ఏదో, ఇంగ్లీషు 'ఓ' ఏదో నాకే తేలలేదు. ఎవరూ పాస్ కాకూడదని పెట్టిన పరీక్ష అది. ఫెయిల్ అవ్వగానే 'కంపెనీకి నష్టం', ఆ వెంటనే నోటీసు. ఫీజు చిన్నది. అసలు దోపిడీ ఈ భయంతోనే.

కాబట్టి ఈ భయం సంగతి వివరంగా చెప్పాలి. ఒప్పందం ప్రకారం పని పూర్తి చేయకపోవడం సివిల్ విషయం. దానికి అరెస్టు ఉండదు. నిజంగా నష్టపోయిన కంపెనీ అయినా సివిల్ కోర్టుకు వెళ్లి కేసు వేయాలి. ఒప్పందంలో పెనాల్టీ ఎన్ని వేలని రాసుకున్నా, 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం కోర్టు సబబైన పరిహారం వరకే ఇప్పిస్తుంది. పోలీసులమని చెప్పి ఫోన్‌లోనే బెదిరించే 'డిజిటల్ అరెస్ట్' అనేది కూడా మన చట్టంలో ఎక్కడా లేదు. ఇక్కడ నేరమంటూ ఉంటే అది వాళ్లదే, మోసం కింద. మనం ఫోర్‌ట్వంటీ అనే ఆ సెక్షన్ 2024 జులై నుంచి కొత్త చట్టంలో 318 అయింది. తిట్టడానికి మాత్రం పాతదే బాగుంటుంది.

ఆ అమ్మాయి రూపాయి కూడా వేయలేదు. నోటీసు, చాట్, కట్టిన ఫీజు రసీదు అన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకుంది, ఆ నంబర్లు బ్లాక్ చేసింది, ఫిర్యాదు పెట్టింది. ఎవ్వరూ రాలేదు. ఇలాంటివి ఇంట్లో దాచుకుని ఒంటరిగా టెన్షన్ పడేవాళ్లను చూస్తే జాలేస్తుంది. దాచిపెట్టినన్నాళ్లూ వాళ్లు ఇంకా గుంజుతారు. ముందు ఇంట్లో చెప్పేయండి.

డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, లేదా సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టాలి. యూపీఐ యాప్‌లో ఆ లావాదేవీ తెరిస్తే దాని గుర్తింపు నంబరు, యూటీఆర్ అంటారు, కనిపిస్తుంది, అది దగ్గర పెట్టుకోండి. తొందర ఎందుకంటే, మీ డబ్బు ఒక అకౌంటులో పడి అక్కడి నుంచి ఇంకో నాలుగింటికి వెళ్లిపోయేలోపు బ్యాంకు ఆపగలిగితేనే తిరిగొచ్చే ఆశ. కొన్నాళ్లకు 'పోయిన డబ్బు తెప్పిస్తాం, ఫీజు కట్టండి' అని ఇంకొకడు ఫోన్ చేస్తాడు. వాడూ ఆ బాపతే.

టెలిగ్రామ్‌లో హోటళ్లకు రేటింగులిచ్చే పని గురించి ఎక్కువ చెప్పను. మొదట నూటయాభయ్యో రెండొందలో నిజంగానే వేస్తారు, తర్వాత 'ప్రీపెయిడ్ టాస్క్' అంటారు, అంటే ముందు మీరే డబ్బు కట్టాలి. అక్కడ ఆగకపోతే ఇల్లు గుల్లే.

దీనికన్నా ప్రమాదకరమైనది ఇంకొకటుంది, అందులో డబ్బు అడగరు. "మీ బ్యాంకు అకౌంటు కొన్నాళ్లు మాకివ్వండి, వచ్చిన డబ్బు మేం చెప్పిన చోటికి పంపండి, కమీషన్ మీది." హాస్టల్ పిల్లలు, ఇంట్లో చిన్న వ్యాపారం చేసుకునే వాళ్లు దీనికి పడిపోతున్నారు, జేబులోంచి పైసా పోదు కదా అని. ఆ వచ్చేది వేరేవాళ్ల దగ్గర కొట్టేసిన డబ్బు. ఫిర్యాదు రాగానే అకౌంటు ఫ్రీజ్. మీ పొడుల డబ్బులు, మీ అమ్మ పింఛను కూడా అందులోనే ఉంటే అవీ ఆగిపోతాయి. ఎక్కడో వేరే రాష్ట్రం పోలీసుల దగ్గర సమాధానం చెప్పుకోవాల్సింది మీరే, ఎందుకంటే కాగితాల మీద ఉన్న పేరు మీది. ఏటీఎం కార్డు, సిమ్ కార్డు, చెక్‌బుక్ ఎవరికీ అద్దెకివ్వకండి. తమ్ముడి ఫ్రెండ్ అడిగినా సరే.

మరి అస్సలు ఖర్చు లేకుండా పని దొరుకుతుందా అంటే, దొరకదు. కుట్టు మిషన్, నెట్ కనెక్షన్, మంచి హెడ్‌ఫోన్స్ కొనుక్కోవాలి. ఇంటి నుంచి చేసే పనులు దొరికే అప్‌వర్క్ లాంటి సైట్లలో పనికి అప్లై చేయాలంటే కనెక్ట్స్ అనే టోకెన్లు ఖర్చవుతాయి, సంపాదనలో సైటు కమీషన్ కోసుకుంటుంది. ఆ డబ్బు వెళ్లేది సైటుకు. క్లయింటు మాత్రం మీ దగ్గర రూపాయి అడిగినా, సైటు వదిలి టెలిగ్రామ్‌లోకి రమ్మన్నా అక్కడితో వదిలేయండి. శాంపిల్ కోసం ఒక పేజీ చేసిచూపడంలో తప్పులేదు. శాంపిల్ పేరుతో చాప్టరంతా చేయించుకునేవాళ్లూ ఉంటారు.

ఇక మిగతావి గబగబా.

అపోహ: "ఫ్లెక్సిబుల్ వర్క్ అంటే మనకు ఎప్పుడు వీలైతే అప్పుడు చేయొచ్చు."

ఏ పని ఒప్పుకోవాలో మీ ఇష్టం, పగలు చేస్తారో రాత్రి చేస్తారో అదీ మీ ఇష్టం. ఇవ్వాల్సిన తేదీ మాత్రం వాళ్లది. మా వీధిలో టైలరింగ్ చేసే ఆవిడ ఆషాఢంలో ఖాళీ అని ఒక షాపు దగ్గర నైటీల జాబ్ వర్క్ ఒప్పుకుంది. అవి పూర్తయ్యేలోపు శ్రావణం వచ్చింది, వరలక్ష్మీ వ్రతం జాకెట్లు వచ్చి పడ్డాయి. రాత్రి రెండింటికి కూడా ఆవిడ మిషన్ చప్పుడు మా ఇంట్లోకి వినిపించేది. సైడ్ వర్క్ ఒప్పుకునే ముందు పంచాంగం చూడండి, ముహూర్తాల కోసమే కాదు.

అపోహ: "ఇంట్లో చేసే పొడులకు లైసెన్సు ఎందుకు?"

అమ్ముతున్నారంటే కావాలి. చిన్న స్థాయిలో అమ్మేవాళ్లకు ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర బేసిక్ రిజిస్ట్రేషన్ చాలు, ప్రభుత్వ ఫీజు ఏడాదికి 100 రూపాయలు. వచ్చిన 14 అంకెల నంబరు ప్యాకెట్ మీద వేయాలి.

అపోహ: "జీఎస్టీ లేనిదే అమ్మకూడదు." ఇంకొందరిది దీనికి ఎదురు: "చిన్నవాళ్లకు జీఎస్టీ గొడవే లేదు."

ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవాళ్లకు ఏడాదికి 40 లక్షలు, సేవలు చేసేవాళ్లకు 20 లక్షలు దాటేవరకు సాధారణంగా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ మనది సరిహద్దు ప్రాంతం. చిత్తూరు దాటితే ఒకవైపు తమిళనాడు, ఇంకోవైపు కర్ణాటక. మన పొడుల డబ్బాలన్నీ చెన్నైకి, బెంగళూరుకే కదా వెళ్లేది! సరుకు రాష్ట్రం దాటించి అమ్మితే ఈ 40 లక్షల మినహాయింపు పనిచేయదు. చేతివృత్తుల వస్తువులు కొన్నిటికి వేరే సడలింపు ఉంది. టైపింగ్, అనువాదం లాంటి సేవలు వేరే రాష్ట్రం వాళ్లకు చేసినా 20 లక్షల దాకా ఇబ్బంది లేదు. పార్సిల్స్ పంపేవాళ్లు మాత్రం ఒకసారి ఆడిటర్‌ను అడగండి.

అపోహ: "ఉద్యమ్ సర్టిఫికెట్‌కు వేలల్లో ఖర్చు."

ఉచితం. 2020 జులైలో మొదలైనప్పటి నుంచీ ఉచితమే. ఆధార్, పాన్ ఉంటే చాలు. గూగుల్‌లో వెతికితే ప్రభుత్వ సైటులాగే కనిపించే ప్రైవేటు సైట్లు పైన వస్తాయి, వాటిలోనే జనం డబ్బు కడుతున్నారు. అడ్రసు చివర జీఓవీ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోండి. నేను తీసుకునేది నా టైముకు, అది కూడా టీ ఖర్చుకన్నా కొంచెం ఎక్కువ.

అపోహ: "శ్రీవారి సేవకు వెళ్తుంటే కొండమీద ఉద్యోగం వస్తుంది."

రాదు. 2000లో మొదలైన ఆ సేవ పూర్తిగా స్వచ్ఛందం, జీతం ఉండదు, ఉద్యోగానికి దారీ కాదు. సేవకైనా, టీటీడీలో ఉద్యోగానికైనా డబ్బులిస్తే చేయిస్తానన్నవాడు దొంగ. అయినా నేను వెళ్లమనే చెబుతాను. రోజంతా నాలుగు గోడల మధ్య ఒక్కళ్లమే పనిచేసుకునే మనలాంటివాళ్లకు పదిమంది మధ్య కొన్నాళ్లు గడపడం కావాలి. దాన్ని సంపాదన లెక్కలో వేసుకోకండి, అంతే.

అపోహ: "కంపెనీవాళ్లు కోసుకున్న టీడీఎస్ పోయినట్టే."

పోదు. టీడీఎస్ అంటే మీకిచ్చే డబ్బులోంచి ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను. ప్రొఫెషనల్ ఫీజు ఏడాదిలో ఒకే కంపెనీ నుంచి 50 వేలు దాటితే 10 శాతం కోస్తారు. పాన్ నంబరు ఇవ్వకపోతే 20 శాతం కోస్తారు, కాబట్టి ముందు పాన్ ఇవ్వండి. ఆ డబ్బు మీ పాన్ మీద జమ అయ్యిందో లేదో ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో ఏఐఎస్ (మీ ఏడాది ఆదాయం, కోతల వివరాల పట్టిక) తెరిస్తే కనిపిస్తుంది. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల లోపు ఆదాయానికి పన్ను పడదు, మనలో చాలామంది అందులోనే ఉంటాం. రిటర్న్ వేస్తే కోసిందంతా వెనక్కి వస్తుంది, వేయకపోతే ఎవరూ ఇంటికి తెచ్చివ్వరు. కాగితాలు పట్టుకుని రండి, వేసిపెడతాను. చివరి తేదీకి రెండు రోజుల ముందు మాత్రం రాకండి. అప్పుడు పోర్టలూ కదలదు, నా ముందు గదిలో నిలబడటానికి చోటూ ఉండదు.