అయోవా క్యాన్సర్ లెక్కలు: గ్రామీణ కౌంటీ, పట్టణ కౌంటీ, మధ్యలో నది

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో క్యాన్సర్ మళ్లీ రచ్చకెక్కింది. రాజధాని డిమోయిన్‌కూ దాని చుట్టుపక్కల పట్టణాలకూ, అంటే సుమారు 6 లక్షల మందికి, నీరందించే సెంట్రల్ అయోవా వాటర్ వర్క్స్ 2025 జూన్‌లో ఇళ్ల ముందరి పచ్చికకు నీళ్లు పెట్టడాన్ని నిషేధించింది. అది కరవు కాలం కాదు, నదుల్లో నీరుంది. ఆ నీటిలోని నత్రజని లవణమైన నైట్రేట్‌ను తొలగించే యంత్రాల సామర్థ్యం పట్టణాల వాడకానికి చాలకపోవడం వల్లే నిషేధం పెట్టాల్సి వచ్చింది, నైట్రేట్ కారణంగా అలా చేయడం అక్కడ అదే మొదటిసారి. ఆ వేసవిలోనే, డిమోయిన్ నగరమున్న పోల్క్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) నియమించిన శాస్త్రవేత్తల బృందం డిమోయిన్, రాకూన్ నదుల్లోని నైట్రేట్‌లో దాదాపు 80 శాతం వ్యవసాయ భూముల నుంచే వస్తోందని నివేదిక ఇచ్చింది. కొత్త క్యాన్సర్ కేసుల రేటులో అయోవా దేశంలోనే రెండో స్థానంలో ఉందనీ, ఆ రేటు పెరుగుతున్న రెండే రెండు రాష్ట్రాల్లో తమది ఒకటనీ కేసులను నమోదు చేసే రాష్ట్ర క్యాన్సర్ రిజిస్ట్రీ 2024లోనే ప్రకటించి ఉంది. నీటి వార్త, క్యాన్సర్ వార్త ఒకదానికొకటి తోడవడంతో పాత తగాదా రాజుకుంది.

నీటిలోని వ్యవసాయ రసాయనాలే కారణమని ఒక పక్షం అంటోంది. మద్యం, పొగాకు, ఇళ్ల అడుగున నేలలోంచి వచ్చే రేడాన్ వాయువు, ఇవే కారణమని రెండో పక్షం అంటోంది. రెండు పక్షాలూ తమ వాదనకు ఆధారంగా చూపేది కౌంటీలవారీ లెక్కలనే కాబట్టి, ఆ లెక్కలు ఏం చెప్పగలవో, ఏం చెప్పలేవో ముందుగా చూడాలి.

దేశం మొత్తానికి సంబంధించిన ప్రధానమైన లెక్కను వ్యాధి నియంత్రణ కేంద్రం, అంటే సీడీసీ, 2017 జూలైలో ప్రచురించింది. వయసు తేడాలను సరిచేసి చూస్తే, ఏడాదికి లక్ష మందిలో కొత్తగా క్యాన్సర్ బయటపడుతున్నవారు గ్రామీణ కౌంటీల్లో 442 మంది, మహానగర కౌంటీల్లో 457 మంది. మరణాల దగ్గర వరస తారుమారైంది. గ్రామీణ కౌంటీల్లో లక్షకు 180 మంది, మహానగర కౌంటీల్లో 158 మంది చనిపోతున్నారు. మరణాల రేటు మహానగరాల్లో ఏటా 1.6 శాతం చొప్పున తగ్గుతుంటే గ్రామీణ ప్రాంతాల్లో 1 శాతం చొప్పునే తగ్గుతోంది, అంటే ఈ ఎడం ఏటికేడు పెరుగుతోంది. వ్యవసాయ రసాయనాల మీద అనుమానం అక్కర్లేదనేవారు పట్టుకునేది ఇందులోని మొదటి జత సంఖ్యలనే. పొలాల మధ్య బతికేవారిలో కేసులు తక్కువగా ఉన్నప్పుడు పొలాన్ని నిందించడమేమిటని వారి ప్రశ్న. 1993లో అయోవా, నార్త్ కరోలినా రాష్ట్రాల్లో మొదలై సుమారు 89 వేల మంది రైతులను, పురుగుమందులు చల్లేవారిని, వారి జీవిత భాగస్వాములను గమనిస్తూ వస్తున్న పెద్ద అధ్యయనాన్ని కూడా వారు ఉదహరిస్తారు. అందులోని రైతుల్లో మొత్తం మీద క్యాన్సర్ తక్కువగానే ఉంది, దానికి వారిలో పొగతాగేవారు తక్కువగా ఉండటం ఒక ముఖ్య కారణం. ప్రొస్టేట్ క్యాన్సర్ మాత్రం వారిలో ఎక్కువగా కనిపించింది.

ఆ మొత్తం సంఖ్య లోపలికి వెళితే వేరే చిత్రం కనబడుతుంది. ఊపిరితిత్తులు, పెద్దపేగు, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్లు గ్రామీణ కౌంటీల్లోనే ఎక్కువ. పరీక్షలు చేయించుకుంటే ముందుగానే బయటపడే రొమ్ము, ప్రొస్టేట్ క్యాన్సర్లు మహానగరాల్లో ఎక్కువగా నమోదవుతాయి, ఎందుకంటే పరీక్షా కేంద్రాలు ఉన్నది అక్కడే. ఇన్ని రకాల క్యాన్సర్లను ఒకే కుప్పలో పోస్తే పల్లెకూ పట్నానికీ తేడా పెద్దగా లేదనిపిస్తుంది.

ఈ విభజన కూడా స్థిరమైనది కాదు. అమెరికా వ్యవసాయ శాఖ ప్రతి కౌంటీకి 1 నుంచి 9 వరకు ఒక అంకె ఇస్తుంది, 1 నుంచి 3 వరకు మహానగర కౌంటీలు, మిగిలినవి గ్రామీణ కౌంటీలు. జనగణన తరువాత ఈ అంకెలు మారుతుంటాయి. జనం పెరిగిన కౌంటీ మహానగర జాబితాలోకి వెళ్లిపోతుంది, పిల్లలు వలసపోయి వృద్ధులే మిగిలిన కౌంటీ గ్రామీణ జాబితాలో ఉండిపోతుంది. డిమోయిన్ పక్కనున్న డాలస్ కౌంటీలో 2000లో సుమారు 40 వేల జనాభా ఉండేది, 2020 నాటికి అది లక్షకు చేరువైంది. నలభై ఏళ్లు అక్కడి పొలంలో సొంత బావి నీళ్లు తాగిన స్త్రీకి ఈరోజు క్యాన్సర్ బయటపడితే ఆమెను మహానగర కౌంటీ లెక్కలోనే చేరుస్తారు, ఎందుకంటే రిజిస్ట్రీ నమోదు చేసేది జబ్బు బయటపడిన నాటి చిరునామాను. క్యాన్సర్‌కు బీజం పడేది అంతకు పది, ఇరవై ఏళ్ల ముందు.

చిన్న కౌంటీల చిక్కు మరొకటి. రాష్ట్రంలోకెల్లా ఎక్కువ క్యాన్సర్ రేటున్నదిగా వార్తలకెక్కిన పాలో ఆల్టో కౌంటీలో ఉన్నది 9 వేల మంది. అక్కడ ఒక ఏడాది పది కేసులు ఎక్కువైతే లక్షకు రేటు 110 పెరిగినట్లు కనిపిస్తుంది. అవే పది కేసులు 5 లక్షల జనాభా ఉన్న పోల్క్ కౌంటీలో పెరిగితే రేటు 2 మాత్రమే కదులుతుంది. అందుకే రిజిస్ట్రీలు కొన్నేళ్ల లెక్కలను కలిపి చూపుతాయి. ఆ పాలో ఆల్టో కౌంటీ మీదుగా వచ్చే డిమోయిన్ నది పడమటి పాయే దిగువన పోల్క్ కౌంటీ కుళాయిల్లోకి చేరుతుంది. ఎగువ కౌంటీ, దిగువ కౌంటీ తాగేది ఒకే పొలాల మీదుగా వచ్చిన నీటినైనప్పుడు, పల్లె, పట్నం లెక్కల మధ్య తేడా తక్కువగా ఉండటాన్ని పొలాలకు అనుకూలమైన సాక్ష్యంగా తీసుకోవడం ఎలా సాధ్యం?

ఈ తగాదాకంతటికీ మూలమైన మలుపు క్యాన్సర్ చరిత్రలో లేదు, పసిపిల్లల వైద్యంలో ఉంది. 1945లో అయోవా విశ్వవిద్యాలయ వైద్యుడు హంటర్ కామ్లీ ఒక పరిశోధనా పత్రం ప్రచురించాడు. పొలాల్లోని ఇళ్ల నుంచి ఆసుపత్రికి తెచ్చిన పసికందుల ఒళ్లు నీలం తిరిగి ఉంది, గుండెలో ఏ లోపమూ లేదు. తల్లులు పోతపాలు కలపడానికి వాడిన బావి నీటిలో నైట్రేట్ విపరీతంగా ఉందని ఆయన గుర్తించాడు. అది పసివాళ్ల కడుపులో నైట్రైట్‌గా మారి, రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని రూపంలోకి తిప్పేస్తుంది. నీటిని మరిగిస్తే ఆవిరి పోయి నైట్రేట్ గాఢత ఇంకా పెరుగుతుంది, అంటే బిడ్డకు మంచిదని మరిగించి పట్టిన తల్లి తెలియకుండానే ఎక్కువ మోతాదు ఇచ్చింది. లీటరులో 10, మహా అయితే 20 మిల్లీగ్రాములకు మించి నైట్రేట్ నైట్రోజన్ (అంటే నైట్రేట్‌లోని నైట్రోజన్ బరువు మాత్రమే) ఉన్న నీటిని పసిపిల్లలకు వాడకూడదని కామ్లీ సూచించాడు. 1951లో దేశమంతటి నుంచి సేకరించిన 278 కేసుల్లో 39 మంది పిల్లలు చనిపోయారు. నీటి వివరాలు తెలిసిన కేసుల్లో 10 మిల్లీగ్రాముల లోపు ఒక్కటీ లేదు.

ఆ 10 అనే సంఖ్యనే 1962లో అమెరికా ప్రజారోగ్య విభాగం దేశానికంతటికీ ప్రమాణంగా తీసుకుంది. 1974లో సురక్షిత తాగునీటి చట్టం వచ్చాక అదే చట్టబద్ధమైన పరిమితి అయింది, ఇప్పటికీ అదే కొనసాగుతోంది. దీన్ని నైట్రేట్ రూపంలో లెక్కిస్తే సుమారు 45 మిల్లీగ్రాములు. భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి పెట్టిన 45 మిల్లీగ్రాముల పరిమితి కూడా సరిగ్గా ఈ లెక్కే. కేంద్ర భూగర్భ జల మండలి నివేదికల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో పరిమితి దాటినవిగా కనిపించే నీటి నమూనాలను కొలుస్తున్నదీ ఈ కొలబద్దతోనే. పసిబిడ్డ కొద్ది రోజుల్లో ఊపిరాడక చనిపోకుండా కాపాడటానికి పెట్టిన సంఖ్య అది, ఆ పని అది నిజంగానే చేసింది. పెద్దవాళ్లు ముప్పై, నలభై ఏళ్లు రోజూ తాగితే ఏమవుతుందన్న ప్రశ్న ఆ సంఖ్యను నిర్ణయించినవారి ముందుకు రాలేదు.

ఆ ప్రశ్న తరువాత వచ్చింది. నైట్రైట్ కడుపులోని అమీన్లనే పదార్థాలతో కలిసి ఎన్-నైట్రోసో సమ్మేళనాలను తయారుచేస్తుంది. వాటిలో చాలావాటికి జంతువుల్లో క్యాన్సర్ కలిగించే గుణం ఉంది. శరీరంలో ఈ మార్పు జరిగే పరిస్థితుల్లో నీటితోనో ఆహారంతోనో లోపలికి వెళ్లే నైట్రేట్ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఎక్కువేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిపుణులు 2006లో తేల్చారు. అప్పటికే అయోవాలో 1986 నుంచి 55–69 ఏళ్ల వయసున్న 41,836 మంది స్త్రీలను గమనిస్తున్న అధ్యయనం ఉంది. దాని ఆధారంగా 2001లో వచ్చిన విశ్లేషణలో, సగటున 2.46 మిల్లీగ్రాములకు మించి నైట్రేట్ నైట్రోజన్ ఉన్న ఊళ్ల నీటిని తాగినవారిలో మూత్రాశయ క్యాన్సర్ ముప్పు అతి తక్కువ నైట్రేట్ నీటిని తాగినవారితో పోలిస్తే 2.8 రెట్లుంది. అదే విశ్లేషణలో గర్భాశయ, పురీషనాళ క్యాన్సర్లు నైట్రేట్ ఎక్కువున్న చోట తక్కువగా కనిపించాయన్నదీ నిజమే, దాన్ని దాచనక్కర్లేదు. 2018లో డెన్మార్క్‌లో 27 లక్షల మంది తాగునీటి వివరాలతో చేసిన అధ్యయనం పెద్దపేగు క్యాన్సర్ ముప్పు నైట్రేట్ రూపంలో 3.87 మిల్లీగ్రాములు దాటిన దగ్గర్నుంచే పెరుగుతోందని చూపింది. ఇది చట్టం అనుమతించే మోతాదులో పదో వంతు కూడా లేదు. ఒక్క అధ్యయనంతో కారణం రుజువైపోదు, కానీ ఇవన్నీ పరిమితి లోపలి నీటి గురించే మాట్లాడుతున్నాయి.

ఆ నైట్రేట్ నదిలోకి ఎలా వస్తుందో డిమోయిన్‌కు ఎగువనున్న పొలాల్లో కళ్లారా చూడవచ్చు. ఒకప్పుడు చిత్తడిగా ఉన్న ఆ నేలను సాగులోకి తేవడానికి పొలం అడుగున మట్టి గొట్టాలు, తరువాతి కాలంలో ప్లాస్టిక్ గొట్టాలు పరిచారు. పంట వేళ్లకు ఎక్కువైన నీటిని అవి పీల్చి, గట్టు చివర కాలువలో పోస్తాయి. నైట్రేట్‌ను మట్టి పట్టి ఉంచుకోలేదు, నీటితో పాటే జారిపోతుంది. అమ్మోనియా ఎరువు, పందుల ఫారాల నుంచి తెచ్చి చల్లిన మలమూత్రాల ఎరువు నేలలో ఉండగా, మొక్కజొన్న ఇంకా మోకాలెత్తు కూడా రాని మే, జూన్ నెలల్లో వాన కురిస్తే, దాన్ని తీసుకునే వేళ్లు ఉండవు. తేటగా, వాసన లేకుండా గొట్టం నోట్లోంచి పడే ఆ నీరు కొద్ది రోజుల్లోనే రాకూన్ నదిలో కలుస్తుంది. డిమోయిన్ నగరం 1990ల మొదట్లోనే నైట్రేట్‌ను తొలగించే ప్రత్యేక కేంద్రాన్ని కట్టుకోవాల్సి వచ్చింది, దాని ఖర్చు నగరవాసుల నీటి బిల్లులోంచే వస్తుంది. ఎగువన సొంత బావుల మీద ఆధారపడిన కుటుంబాలకు అదీ లేదు. 1974 చట్టం సొంత బావులకు వర్తించదు, అక్కడి నీటిని పరీక్షించుకోవాల్సింది ఇంటివారే.

2015 మార్చిలో డిమోయిన్ వాటర్ వర్క్స్ ఎగువనున్న సాక్, కల్హూన్, బ్యూనా విస్టా కౌంటీల పొలాల్లోని అదనపు నీటిని బయటికి పంపే ఏర్పాట్లను చూసే డ్రైనేజీ జిల్లాల మీద ఫెడరల్ కోర్టుకెక్కింది. పొలాల్లోంచి గొట్టాల ద్వారా వచ్చే నీటిని ఫ్యాక్టరీ వ్యర్థజలాల మాదిరే అనుమతి పత్రాల కిందికి తేవాలన్నది వారి వాదన. రైతు సంఘాలు దీన్ని పల్లె మీద పట్నం ప్రకటించిన యుద్ధంగా చూశాయి. డ్రైనేజీ జిల్లాలకు ఇలాంటి వ్యాజ్యాల నుంచి రక్షణ ఉందని 2017 జనవరిలో రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పడంతో, మార్చిలో ఫెడరల్ న్యాయమూర్తి కేసు కొట్టివేశారు. నదిలో నైట్రేట్ ఎక్కువగా ఉందా లేదా అన్నది అక్కడ తేలలేదు, కేసు అంతదాకా వెళ్లనేలేదు. 2013 నుంచి రాష్ట్రంలో అమల్లో ఉన్న నైట్రేట్ వంటి పోషకాలు నదుల్లో చేరడాన్ని తగ్గించే వ్యూహం రైతుల ఇష్టం మీద ఆధారపడినదే తప్ప తప్పనిసరి కాదు.

రెండో పక్షం చెప్పేవి కట్టుకథలు కావు. పర్యావరణ పరిరక్షణ సంస్థ, అంటే ఈపీఏ, లెక్కల్లో అయోవాలోని 99 కౌంటీలూ రేడాన్ ఎక్కువగా ఉండే మండలంలోనే ఉన్నాయి. మద్యంతో ముడిపడిన క్యాన్సర్ల రేటులో రాష్ట్రం దేశంలో నాలుగో స్థానంలో ఉందని రిజిస్ట్రీ 2024 నివేదికే చెప్పింది. గవర్నర్ కిమ్ రేనాల్డ్స్ 2025 జనవరిలో క్యాన్సర్ కారణాల పరిశోధనకు 10 లక్షల డాలర్లు కేటాయిస్తామని ప్రకటించారు. అయితే ఎవరు ఎంత మద్యం తాగుతున్నారో సర్వేలు ఏటా అడుగుతాయి, ఎవరు ఎన్నేళ్లు ఏ నీరు తాగారో అడిగే ఏర్పాటు అలాంటిది లేదు. పైగా నదుల్లో నైట్రేట్‌ను గంటగంటకూ కొలిచే విశ్వవిద్యాలయ సెన్సర్లకు ప్రధాన ఆధారమైన పరిశోధనా కేంద్రం నుంచి 5 లక్షల డాలర్లను రాష్ట్ర శాసనసభ 2023లో దారి మళ్లించింది.

నైట్రేట్ వల్ల పెద్దవాళ్లకు కలిగే హానిని మళ్లీ అంచనా వేసే పనిని ఈపీఏ 2017లో చేపట్టి, మధ్యలో ఆపి, 2023లో తిరిగి అందుకుంది. డిమోయిన్ కుళాయి నీటికీ, ఎగువ కౌంటీల ఊళ్ల నీటికీ చట్టం ప్రకారం వర్తించేది ఇప్పటికీ కామ్లీ పసిపిల్లల కోసం సూచించిన ఆ 10 మిల్లీగ్రాములే.