కాంట్రాక్టర్‌కు చెక్కు రాసే ముందు: వర్కర్స్ కాంప్ మీద అపోహలు, వాస్తవాలు

అమెరికాలో మోటెల్, గ్యాస్ స్టేషన్, రెస్టారెంట్, అద్దె ఇళ్లు నడిపే మనవాళ్లు కాంట్రాక్టర్‌ని మాట్లాడుకునేటప్పుడు రేటు గట్టిగా బేరమాడతారు, పని ఎప్పటికి పూర్తవుతుందో ఒకటికి రెండుసార్లు అడుగుతారు. ఆ పనికొచ్చే మనుషులకు దెబ్బ తగిలితే ఎవరు చూసుకుంటారన్న మాట మాత్రం చాలామంది నోట రాదు. కాంట్రాక్టర్ల ఇన్సూరెన్స్ కాగితాలు సరిచూసి, పని మొదలుపెట్టనివ్వొచ్చో లేదో, బిల్లు చెల్లించొచ్చో లేదో చెప్పడమే నా ఉద్యోగం. రోజూ వినే అపోహలు కొన్ని ఉన్నాయి. వాటివల్ల కొందరు యజమానులు నష్టపోయారు. అంతకంటే బాధ కలిగించేది, నడుం విరిగిన కూలీలకు ఆస్పత్రి బిల్లు కట్టే దిక్కు లేకపోవడం.

ముందు రెండు ముక్కల్లో అసలు సంగతి. పనిలో గాయపడితే తప్పు ఎవరిదన్న విచారణ లేకుండా వైద్యం ఖర్చు, పోయిన జీతంలో కొంత భాగం, ప్రాణం పోతే కుటుంబానికి సొమ్ము ఇచ్చేది వర్కర్స్ కాంపెన్సేషన్, వాడుకలో వర్కర్స్ కాంప్ లేదా కాంప్. దానికి బదులుగా కార్మికుడు తన యజమాని మీద దావా వేసే హక్కు వదులుకుంటాడు. 1911లో విస్కాన్సిన్‌లో నిలదొక్కుకున్న ఈ ఏర్పాటు 1948లో మిసిసిపీ చట్టంతో అప్పటి రాష్ట్రాలన్నిటికీ చేరింది. ఇది రాష్ట్రాల చట్టం. కాబట్టి కింద రాసినవాటిలో చాలా విషయాలు మీ రాష్ట్రాన్నిబట్టి మారతాయి.

అపోహ: దెబ్బ తగిలితే అది కాంట్రాక్టర్ బాధ్యత, నాకేం సంబంధం?

కాంట్రాక్టర్‌కు పాలసీ ఉన్నంతవరకు ఈ మాట కొంతవరకు నిజం. పాలసీ లేకపోతే బాధ్యత కింది నుంచి పైకి ఎక్కుతుంది. మీరు జనరల్ కాంట్రాక్టర్ అయి, మీరు ఒప్పుకున్న పనిలో కొంత సబ్‌కాంట్రాక్టర్‌కు అప్పగించారనుకోండి. అతనికి పాలసీ లేకపోతే అతని దగ్గర పనిచేసేవాళ్లకు చట్టం దృష్టిలో మీరే యజమాని. ఫ్లోరిడా, జార్జియా, న్యూయార్క్ సహా చాలా రాష్ట్రాల్లో ఇదే నియమం. ఆ క్లెయిమ్ మీ పాలసీ మీద పడుతుంది, తర్వాతి ఏళ్లలో మీ ప్రీమియం పెరుగుతుంది.

జనరల్ కాంట్రాక్టర్ కాకుండా కేవలం బిల్డింగ్ ఓనర్ అయినా పూర్తిగా బయటపడినట్టు కాదు. కార్మికుడు దావా వేయకూడనిది తన యజమాని మీదే. మీరు మూడో పక్షం. మీ స్థలంలో ప్రమాదకరమైన పరిస్థితి ఉందని అతని లాయరు మీ మీద కేసు వేయొచ్చు. కాంప్ డబ్బు అందనివాడికి వేరే దారులు తక్కువ కాబట్టి వేస్తాడు కూడా. కాలిఫోర్నియాలో ఇంకో మెలిక ఉంది: లైసెన్స్ ఉండాల్సిన పనిని లైసెన్స్ లేని మనిషితో చేయిస్తే, ఆ పనివాళ్లకు మిమ్మల్నే యజమానిగా లెక్కగట్టే వీలుంది.

అపోహ: ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ పంపాడు కదా, ఇక చూడాల్సింది ఏముంది?

అందరూ తడబడేది ఇక్కడే, అందుకే కాస్త ఓపిగ్గా చెబుతాను. మీకు వచ్చేది సాధారణంగా అకార్డ్ 25 అనే ఒక పేజీ ఫారం. దాని పైభాగంలోనే, ఇది సమాచారం కోసం మాత్రమే ఇచ్చినదని, పుచ్చుకున్నవాళ్లకు దీనివల్ల ఏ హక్కూ రాదని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అంటే అది పాలసీ కాదు. ఫలానా రోజున ఫలానా పాలసీ ఉందని ఏజెంటు చెప్పిన మాట మాత్రమే.

నేను ఆ పేజీని చూసే వరుస ఇది. మొదట ఎడమవైపు ఇన్సూర్డ్ గడిలో ఉన్న పేరు. ఒప్పందం మీద, డబ్ల్యూ-9 (కాంట్రాక్టర్ పన్ను వివరాలిచ్చే ఫారం) మీద, చెక్కు మీద కూడా అచ్చంగా అదే పేరు ఉండాలి. నా ముందుకొచ్చిన ఒక ఫైల్లో సర్టిఫికెట్ ఒక ఎల్‌ఎల్‌సీ పేరు మీద ఉంది, చెక్కులన్నీ మనిషి సొంత పేరు మీద వెళ్లాయి. ఆ ఎల్‌ఎల్‌సీ అతని బావమరిదిది. పైకప్పు మీద పనిచేసినవాళ్లలో ఒక్కరు కూడా ఆ కంపెనీ జీతాల లెక్కలో లేరు. సర్టిఫికెట్‌లో ప్రతి అక్షరం నిజమే, కానీ ఆ పనివాళ్లకు దాంతో సంబంధమే లేదు.

తర్వాత కిందికి, వర్కర్స్ కాంపెన్సేషన్ అని ఉన్న వరుసకు వెళతాను. పాలసీ నంబరు ఉండాలి. 'త్వరలో వస్తుంది' అన్న అర్థంలో ఏదైనా రాసి ఉంటే నంబరు వచ్చేదాకా ఆగుతాను. మొదలు తేదీ, ముగింపు తేదీ మన పని రోజులన్నిటినీ కప్పాలి. అదే వరుసలో ఒక చిన్న ప్రశ్న ఉంటుంది: యజమాని, భాగస్వామి, ఆఫీసర్లలో ఎవరినైనా మినహాయించారా? పక్కన అవును అంటే వై, కాదు అంటే ఎన్ అక్షరం. దాన్ని చూడకుండా వదిలేసేవాళ్లే ఎక్కువ. వై ఉంటే, మీతో మాట్లాడి, మీ నిచ్చెన ఎక్కబోయే ఆ పెద్దమనిషికే కవరేజీ లేదని అర్థం.

ఇంకో మాట. సర్టిఫికెట్ కాంట్రాక్టర్ చేతుల మీదుగా కాకుండా ఏజెంటు దగ్గర నుంచి నేరుగా రావాలి. పీడీఎఫ్‌లో తేదీ మార్చడం ఈ రోజుల్లో రెండు నిమిషాల పని. ముగింపు తేదీలో ఒక్క అంకె మిగతావాటికంటే కాస్త లావుగా ఉన్న సర్టిఫికెట్లు నేను చూశాను. అనుమానం వస్తే ఫారం మీద ఉన్న నంబరుకు కాకుండా, ఆ ఏజెన్సీ నంబరు మీరే వెతికి దానికి ఫోన్ చేయండి.

సర్టిఫికెట్ హోల్డర్ గడిలో మీ పేరు ఉన్నంత మాత్రాన మీకు రక్షణ వచ్చినట్టు కాదు. వర్కర్స్ కాంప్ పాలసీలో నన్ను కూడా అడిషనల్ ఇన్సూర్డ్‌గా, అంటే ఆ బీమా రక్షణ పొందే అదనపు పక్షంగా, చేర్చమని అడిగేవాళ్లున్నారు. అది జనరల్ లయబిలిటీకి, అంటే బయటివాళ్లకు జరిగే నష్టం కోసం తీసుకునే పాలసీకి, వర్తించే సంగతి. కాంప్‌లో అడగదగ్గది వేరు: క్లెయిమ్ కట్టాక బీమా కంపెనీ ఆ డబ్బు కోసం మీ మీదికి రాకుండా హక్కు వదులుకునే సబ్రోగేషన్ వేవర్. కొన్ని రాష్ట్రాల్లో దానికి పరిమితులున్నాయి కాబట్టి మీ ఏజెంటును అడగండి.

అపోహ: అతనొక్కడే పనిచేస్తాడు, అతనికి కాంప్ అక్కర్లేదు.

ఒంటరిగా పనిచేసే యజమానికి చాలా రాష్ట్రాల్లో మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ మినహాయింపు ఉందని కాగితం మీద చూపించాలి. ఫ్లోరిడాలో నిర్మాణ రంగ కార్పొరేషన్ ఆఫీసర్లకు రాష్ట్రమే మినహాయింపు సర్టిఫికెట్ ఇస్తుంది. కనీసం 10 శాతం వాటా ఉండాలి, ముగ్గురికి మించకూడదు, రెండేళ్లే చెల్లుతుంది. కాలిఫోర్నియాలో రూఫింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకు ఒక్క ఉద్యోగి లేకపోయినా పాలసీ ఉండాల్సిందే. 2023 నుంచి కాంక్రీట్, ఏసీ-హీటింగ్, ఆస్‌బెస్టాస్ తొలగింపు, చెట్లు కొట్టే కాంట్రాక్టర్లనూ అందులో చేర్చారు.

ఇక ఘోస్ట్ పాలసీ అని ఒకటుంది. ఉద్యోగులు ఎవరూ లేరని చెప్పి, యజమానిని మినహాయించి, కనీస ప్రీమియం కట్టి తీసుకునేది. చాలాచోట్ల అది చట్టబద్ధమే. కాకపోతే అది కాపాడే మనిషి ఎవరూ లేరు, దాని ఫలితం ఒక సర్టిఫికెట్ మాత్రమే. సోమవారం పొద్దున అతను ఇద్దరు హెల్పర్లతో ట్రక్కు దిగాడంటే ఆ కాగితం వెనక ఉన్న లెక్క తప్పిందన్నమాట. పని జరిగేచోట మీ మనిషి ఎవరో ఒకరు తలలు లెక్కపెట్టాలని నేను పట్టుబట్టేది ఇందుకే. ఆఫీసులో కూర్చుని ఎన్ని కాగితాలు చూసినా ఈ సంగతి బయటపడదు.

అపోహ: 1099 ఇస్తున్నాను, కాబట్టి అతను నా ఉద్యోగి కాడు.

1099 అనేది ఉద్యోగి కానివాళ్లకు ఇచ్చిన సొమ్మును చూపే పన్ను కాగితం. గాయం కేసు విచారించే జడ్జి చూసేది పని మీద అదుపు ఎవరిది, పనిముట్లు ఎవరివి, అతనికి వేరే ఖాతాదార్లు ఉన్నారా అన్నవి. కాలిఫోర్నియాలో 2020 జూలై నుంచి కాంప్ విషయంలోనూ ఏబీసీ పరీక్ష, అంటే మనిషి ఉద్యోగా, స్వతంత్ర కాంట్రాక్టరా అని తేల్చే మూడు షరతులు, వర్తిస్తోంది. అందులో ఒక షరతు, ఆ మనిషి చేసే పని మీ వ్యాపారపు మామూలు పనికి బయటిదై ఉండాలని. పెయింటింగ్ కంపెనీ ఇంకో పెయింటర్‌కి 1099 ఇస్తే ఆ షరతు దగ్గరే ఆగిపోతుంది.

అపోహ: మిలియన్ డాలర్ల జనరల్ లయబిలిటీ ఉంది, అది చాలదా?

చాలదు. ఆ పాలసీ బయటివాళ్లకు జరిగిన నష్టం కోసం. కాంట్రాక్టర్ సొంత ఉద్యోగుల గాయాలను అందులో నుంచి స్పష్టంగా మినహాయిస్తారు.

అపోహ: ఒక రాష్ట్రంలో ఉన్న పాలసీ ఎక్కడైనా పనికొస్తుంది.

పాలసీ మొదటి పేజీల్లో 3.ఎ అనే చోట రాష్ట్రాల పేర్లు రాసి ఉంటాయి. పక్క రాష్ట్రం నుంచి వచ్చే కాంట్రాక్టర్ దగ్గర ఆ పేజీ అడిగి, మీ రాష్ట్రం పేరు ఉందేమో చూడండి. ఒహాయో, వాషింగ్టన్, నార్త్ డకోటా, వ్యోమింగ్‌లలో ప్రైవేటు కంపెనీలు కాంప్ పాలసీ అమ్మవు, పాలసీ దొరికేది రాష్ట్ర నిధిలోనే. అక్కడి పనికి మామూలు బీమా కంపెనీ పేరుతో కాంప్ సర్టిఫికెట్ వస్తే వెంటనే ఆగి ఆరా తీయాలి. న్యూయార్క్‌లో పర్మిట్లు ఇచ్చే ప్రభుత్వ కార్యాలయాలు అకార్డ్ ఫారాన్ని కాంప్ రుజువుగా ఒప్పుకోవు. సి-105.2 గానీ, స్టేట్ ఇన్సూరెన్స్ ఫండ్ ఇచ్చే యూ-26.3 గానీ అడుగుతాయి.

టెక్సస్ తీరే వేరు. అక్కడ ప్రైవేటు యజమాని కాంప్ తీసుకోవాలన్న నిర్బంధం లేదు. తీసుకోనివాడి మీద కార్మికుడు నేరుగా దావా వేయొచ్చు, 'నీ అజాగ్రత్త వల్లే పడ్డావు' అని యజమాని వాదించుకునే వీలు కూడా ఉండదు. అందుకే టెక్సస్‌లో 'చట్టం అడగదు కదా' అనే కాంట్రాక్టర్ దగ్గర నేను ఇంకా ఎక్కువ జాగ్రత్త పడతాను. చట్టం అడగకపోయినా మన ఒప్పందం అడగొచ్చు.

అపోహ: ప్రమాదం జరగకపోతే నష్టమేమీ లేదు.

మీకు సొంత కాంప్ పాలసీ ఉంటే ఏడాది చివర ప్రీమియం ఆడిట్ జరుగుతుంది. ఆడిటర్ మీ ఖాతా పుస్తకం తీసి, కాంట్రాక్టర్లకు వెళ్లిన ఒక్కొక్క చెల్లింపు ఎదురుగా సర్టిఫికెట్ చూపించమంటాడు. చూపించలేనివాటిని మీ సొంత జీతాల్లో కలిపేస్తాడు. చాలా రాష్ట్రాలు పాటించే ఎన్‌సీసీఐ (కాంప్ బీమా రేట్లు, నియమాలు తయారుచేసే సంస్థ) నియమాల్లో, జీతాల లెక్కలు వేరుగా దొరకనప్పుడు, కూలి మాత్రమే అయితే చెల్లించిన మొత్తంలో కనీసం 90 శాతం, సామానుతో కలిపి అయితే కనీసం 50 శాతం జీతం కింద లెక్క.

ఒక లెక్క వేసి చూపిస్తాను. కూలికే రూఫర్‌కు 60,000 డాలర్లు ఇచ్చారనుకోండి. అందులో 54,000 మీ జీతాల్లోకి వస్తుంది. రూఫింగ్ రేటు ప్రతి 100 డాలర్లకు 20 అనుకుంటే, అదనపు ప్రీమియం 10,800 డాలర్లు. ఒక్కరికీ గీత పడలేదు, అయినా బిల్లు వచ్చింది. తక్కువ రేటు ఇచ్చాడని ఆ రూఫర్‌ని ఎంచుకున్నవాళ్లకు మిగులంతా ఇందులోనే పోతుంది. ఆడిట్ అయిపోయాక పాత కాంట్రాక్టర్‌కి ఫోన్ చేసి సర్టిఫికెట్ అడిగితే, డబ్బంతా ముట్టినవాడు ఫోన్ ఎత్తాలన్న నియమమేమీ లేదు. కాగితం రాబట్టే బలం మీ చేతిలో ఉండేది చెక్కు ఇవ్వనంతవరకే.

అపోహ: పని మొదట్లో ఒకసారి చూశాం, చాలు.

చాలామంది చిన్న కాంట్రాక్టర్లు ప్రీమియం వాయిదాల్లో కడతారు. ఒక వాయిదా తప్పితే పాలసీ రద్దయిపోవచ్చు, సర్టిఫికెట్ మీద తేదీ మాత్రం మారదు. రద్దయిందని మీకు ఎవరైనా ఉత్తరం రాస్తారన్న భరోసా కూడా లేదు. అందుకని నా దగ్గర ప్రతి చెల్లింపుకు ముందు మళ్లీ చూడటం పద్ధతి. చాలా రాష్ట్రాల్లో ఇందుకోసం ఉన్న వెబ్‌సైట్‌లో యజమాని పేరు కొట్టి కవరేజీ చూసుకునే ఏర్పాటు ఉచితంగా ఉంది. ఫ్లోరిడా, న్యూయార్క్, కాలిఫోర్నియాల్లో ఉంది. వాషింగ్టన్‌లో కాంట్రాక్టర్ రిజిస్ట్రేషన్, కాంప్ ఖాతా ఒకేచోట కనిపిస్తాయి. ఆ రోజు కనిపించిన పేజీని తేదీతో సహా సేవ్ చేసి బిల్లుకు జత చేయండి. రాష్ట్రం రికార్డులోకి కొత్త పాలసీ ఎక్కడానికి కొన్ని రోజులు పట్టొచ్చు కాబట్టి, పేరు కనబడకపోతే మోసమని తేల్చేయకుండా ముందు ఏజెంటుకు ఫోన్ చేయండి.

చెల్లుబాటయ్యే కాంప్ రుజువు లేనిదే చెల్లింపు బాకీ పడదన్న మాట ఒప్పందంలోనే ఉండాలి. లేకపోతే చేసిన పనికి డబ్బు ఆపారని అతను మీ ఆస్తి మీద లియన్ (బాకీ కోసం ఆస్తి మీద పెట్టే చట్టపరమైన హక్కు) వేయొచ్చు.

అపోహ: తెలిసినవాళ్ల ద్వారా వచ్చాడు, అడిగితే బాగోదు.

మనవాళ్లలో నేను ఎక్కువగా వినేది ఇదే. అన్నగారి ఇంటికి పనిచేశాడు, గుడి కమిటీలో ఫలానావారికి తెలుసు, కాగితం అడిగితే నమ్మలేదనుకుంటాడేమో అని. కాంట్రాక్టర్ మంచివాడే కావొచ్చు. కానీ అతనితో వచ్చే కుర్రాడు మీకెవరికీ తెలియదు, అతని తరఫున ఈ ప్రశ్న అడిగేవాళ్లు మీరు తప్ప ఎవరూ లేరు. అతనికి భాష రాకపోవచ్చు, ఉద్యోగం పోతుందన్న భయంతో అతను అడగలేకపోవచ్చు.

పైగా అడగటం కష్టమేమీ కాదు. 'మా ఇన్సూరెన్స్‌వాళ్లు ఆడిట్‌లో అడుగుతారండీ, మీ ఏజెంటుతో నాకు నేరుగా మెయిల్ పెట్టించండి' అంటే సరిపోతుంది. పాలసీ ఉన్న కాంట్రాక్టర్‌కు అది ఒక్క ఫోన్ కాల్, చాలాసార్లు అదే రోజు సాయంత్రానికి వచ్చేస్తుంది. వారమైనా రాలేదంటే వేరే కొటేషన్ తీసుకోండి. రెండోది ఎక్కువ రేటుకే ఉంటుంది. ఆ తేడాలో కొంత పనివాళ్ల ప్రీమియం.